ఓంసామి బల్బు

ఐరాల నుంచి కాణిపాకం పోయే దారిలో, ఊరు దాటీ దాటకముందే ఎడమచేతి పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంది. దాని నెత్తిన పసుపు బోర్డు మీద 'ఓంసామి మోటారు వైండింగ్ వర్క్స్' అని రాసి ఉంటుంది. దర్శనానికి పోయే కొత్తవాళ్ళు ఆ బోర్డు చూసి లోపల ఎవరో స్వాములవారు ఉన్నారనుకునేవాళ్ళు. ఒకసారి వేలూరు వైపు నుంచి వచ్చిన ముసలావిడ చెప్పులు బయట విడిచి, పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టుకొని లోపలికొచ్చింది. నూనె మరకల బనీనుతో, ఒళ్ళో రాగితీగ చుట్ట పెట్టుకొని కూర్చున్న కుప్పుస్వామిని చూసి ఆమెకు ఏం చేయాలో తోచలేదు. ఆయనకూ తోచలేదు. చివరికి పళ్ళు పుచ్చుకొని, ఆమెకు కాఫీ తెప్పించి ఇచ్చి పంపాడు.

ఆ ఓం దేవుడి ఓం కాదు. తీగ తన గుండా పోయే కరెంటుకు ఎంత అడ్డం పడుతుందో చెప్పే కొలత, ఓము.

కుప్పుస్వామి సొంతూరు గుడియాత్తం పక్కన. ఇరవై ఏళ్ళ వయసులో చిత్తూరు వచ్చి మోటార్లు చుట్టడం నేర్చుకొని, పెళ్ళయ్యాక ఐరాలలో సొంతంగా షాపు పెట్టుకున్నాడు. భార్య పోయి నాలుగేళ్ళు. కూతురు లోహిత చిత్తూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతూ రోజూ బస్సులో పోయి వస్తుంది.

వేరే షాపుల్లో కాలిపోయిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నీషు పోసి, ఆరాక ఇచ్చేస్తారు. మోటారు తిరిగితే పని అయినట్టే. కుప్పుస్వామికి అట్లా కుదరదు. మోటారు నుంచి బయటికొచ్చే మూడు వైర్లనూ రెండేసి చొప్పున మూడు జతలుగా పట్టుకొని, ఒక్కో జతకూ పన్నెండు ఓల్టుల బ్యాటరీ తగిలించి ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చూస్తాడు. ఓల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు. పన్నెండును మూడుతో భాగిస్తే నాలుగు. మూడు జతలకూ అదే నాలుగు రావాలి. ఒక జతలో పావు ఓము తేడా వచ్చినా రెండు రోజుల పనిని విప్పి పారేసి మళ్ళీ మొదలుపెడతాడు. కుదిరాక ఆ మూడు అంకెలనూ పసుపు రంగుతో మోటారు ఒంటి మీద రాసిగానీ ఇవ్వడు.

ఆ అంకెల కోసం గంటలకొద్దీ కాచుకొని కూర్చున్న రైతు ఒకడు ఆయనకు ఓంసామి అని పేరు పెట్టాడు. పెట్టినవాడు మిట్టపల్లె చెంగయ్య. పేరు పెట్టి ఊరుకోలేదు, పెయింటరును వెంటబెట్టుకొచ్చి బోర్డూ రాయించాడు.

చెంగయ్యకు రెండెకరాల టమోటా తోట, రెండు ఆవులు, బారెడు నోరు. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ కుప్పుస్వామిని 'అనా' అని పిలుస్తుంది కాబట్టి చెంగయ్యకు ఆయన బామ్మర్ది అయిపోయాడు. ఆ వరసతో ఎన్ని మాటలైనా అనొచ్చు.

"ఏం బామ్మర్దీ, మోటారు కట్టమంటే జాతకం రాస్తా ఉండావే?"

"జాతకమే బావా. మూడూ ఒగటే పలకాల. ఒగటి తేడా వొచ్చిందంటే మోటారు నిన్ను ఏడిపిస్తాది."

"నీ సెల్లెలు ఏడిపించేది సాలదా నాకు? దానికి గూడా ఆ బ్యాటరీ తగిలించి సూడు, ఎన్ని ఓములుందో."

పక్కనున్న రైతులు నవ్వేవాళ్ళు. కుప్పుస్వామి తల ఎత్తకుండానే నవ్వేవాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చెంగయ్య వచ్చిన రోజున మాత్రం షాపులో కాస్త సందడిగా ఉండేది. ఆయన పోయాక కూడా కుప్పుస్వామి ముఖాన ఆ నవ్వు కొంచెంసేపు నిలిచేది.

ఈ ఏడు మాఘమాసంలో చెంగయ్య మోటారు కాలిపోయింది. కుప్పుస్వామి చుట్టి, అంకెలు రాసి, తానే తోట దగ్గరికి పోయి బోరులోకి దింపించాడు. స్టార్టరు పెట్టె ఉన్న చిన్న షెడ్డు చేనికి ఎగువన, మిట్ట మీద ఉంటుంది. షెడ్డు వెనక ఎర్తు గుంత. గుంత తవ్వి, ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఉప్పూ బొగ్గూ కలిపి పూడ్చి, ఆ గొట్టానికి ఇనుప పెట్టె నుంచి ఒక తీగ కలుపుతారు. పెట్టెలోకి కరెంటు దారి తప్పి వస్తే ఈ గొట్టం గుండా భూమిలోకి పారాలి. ఒక్కసారిగా అంత కరెంటు పారేసరికి ఫ్యూజు తెగిపోవాలి. అప్పుడు పెట్టెను ముట్టుకున్న మనిషి బతుకుతాడు. గుంత తడిగా ఉంటేనే ఇదంతా. అందుకని ఆదిలక్ష్మమ్మ, ఆ మోటారు పెట్టినప్పటి నుంచీ పన్నెండేళ్ళుగా, దినానికి రెండు బిందెల నీళ్ళు కింద నుంచి మోసుకొచ్చి ఆ గుంతలో పోసేది.

ఆ రోజు ఆమె బిందె దించి, నడుము పట్టుకొని నిలబడింది.

"అనా, ఈ నీళ్ళు ఇంగా పొయ్యాల్నా? ఆవులకే సాలడం లేదు. నాకు సూస్తే మోకాళ్ళు వొంగేదానికి లేదు."

కుప్పుస్వామి సంచిలో నుంచి నూరు వాట్ల బల్బు తీశాడు. హోల్డరుకు రెండు వైర్లు ఉన్న బల్బు. ఒక వైరు కరెంటుకు, రెండోది ఎర్తు తీగకు తగిలించాడు. ఈ పక్క పల్లెల్లో ఎర్తును అందరూ అట్లాగే పరీక్షిస్తారు. బల్బు భగ్గున వెలిగింది.

"సూడమ్మా ఎట్లా వెలిగిందో. గుంత బంగారం మాదిరి ఉండాది. ఇంగ అక్కర్లే, మోకాళ్ళు సూసుకో. ఎబ్బుడైనా అనుమానమొస్తే ఈ బల్బు తగిలించుకోండి. వెలిగితే సరే, లేకుంటే నీళ్ళు పొయ్యండి."

ఆ బల్బును వాళ్ళ షెడ్డులోనే మేకుకు తగిలించి వచ్చాడు.

చైత్రం పోయి ఎండలు ముదిరాయి. ఒకనాడు పొద్దున చెంగయ్య ఫోను చేశాడు. కుప్పుస్వామి అప్పుడు ఇంకొకరి మోటారులో తీగ దిగ్గొడుతున్నాడు. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"బామ్మర్దీ, నీ బల్బు తగిలించి సూసినా. దీపావళి మాదిరి వెలగతా ఉండాది."

"వెలిగితే సాలు బావా."

"నీ సెల్లెలు నీళ్ళు పోస్తానని ఒగటే రంపు. నువ్వే సెప్పినావని సెప్పేదా?"

"సెప్పు, సెప్పు."

పది రోజుల తర్వాత, ఉదయం తొమ్మిది గంటలకు కరెంటు వచ్చినప్పుడు, చెంగయ్య షెడ్డులోకి పోయి పచ్చ బటను నొక్కడానికి ఎడమ చేత్తో స్టార్టరు పెట్టెను పట్టుకున్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. ఎంతకీ నీళ్ళు రాకపోయేసరికి ఆదిలక్ష్మమ్మ కింద నుంచి కేకలేసింది. పలుకు లేదు. పైకి పోయి చూసింది.

ఊరంతా ఒకటే మాట అన్నారు. ఓంసామి కట్టిన మోటారు కరెంటు కక్కింది. నాలుగో రోజున చెంగయ్య తమ్ముడు మునిప్రసాద్ ఆ మోటారును బోరులో నుంచి తీయించి, ట్రాక్టరులో తెచ్చి షాపు ముందర పడేశాడు.

"ఓయ్ సామీ, నీ ఓములు నువ్వే తిను. మా అన్నను తినింది సాలు!"

రోడ్డు మీద పోతున్నవాళ్ళు ఆగారు. కుప్పుస్వామి మోటారును లోపలికి లాక్కొచ్చుకున్నాడు. బ్యాటరీ తెచ్చి మొదటి జతకు తగిలించాడు. మూడు ఆంపియర్లు. రెండో జత, మూడు. మూడో జతకు తగిలించేటప్పుడు ఆయన పెదవులు కదులుతున్నాయి. మూడు. పసుపు అంకెలు ఎట్లా రాసి పెట్టాడో అట్లాగే ఉన్నాయి. తరువాత తీగ నుంచి మోటారు ఒంటికి కరెంటు కారుతుందేమో చూసే మెగ్గరు తిప్పాడు. ముల్లు ఆ చివరికి పోయి నిలిచింది. చుక్క కారడం లేదు.

"మోటారులో ఏం లేదు మునిప్రసాదూ. పా, పెట్టె తీసి సూద్దాం."

పదిమందీ వెంట వచ్చారు. మిట్ట మీద షెడ్డులో స్టార్టరు పెట్టె మూత విప్పితే, ఎలుక కొరికిన వైరు ఒకటి బోడిగా ఇనుప రేకుకు ఆనుకొని ఉంది. లోపల ఎలుక పెంటికలు కూడా ఉన్నాయి. మునిప్రసాద్ అక్కడే కూలబడి తల పట్టుకున్నాడు. లేచాక కుప్పుస్వామి చేతులు పట్టుకొని, "తప్పయిపోయింది సామీ, నోటికొచ్చింది అనేసినా" అన్నాడు.

ఆ క్షణంలో కుప్పుస్వామికి గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. స్నేహితుడు చచ్చిపోయి నాలుగు రోజులే అయింది, తన పేరు నిలబడిందని ఒళ్ళు తేలికపడుతోంది. అందుకు సిగ్గేసింది. అయినా తేలికగానే ఉంది.

అది సాయంత్రం దాకే. బస్టాండు దగ్గర లోహితను టీవీఎస్ మీద ఎక్కించుకొని వస్తూ జరిగిందంతా చెప్పాడు. అంతా విని, వెనక నుంచి ఆమె అడిగింది.

"నాయనా, ఎలుక కొరికింది సరే. ఫ్యూజు యాల తెగలే?"

"ఏమో మా. గుంత ఎండిపోయుంటాది."

"మామ బల్బు తగిలించి సూసినాడంటివే? బాగా వెలిగిందంటివి?"

"వెలిగింది."

అని, కుప్పుస్వామి బండి రోడ్డు పక్కన ఆపేశాడు.

లోహిత దిగింది. ఆమెకు తండ్రి ముఖం చూడబుద్ధి కాలేదు. తారు వైపు చూస్తూ అంది: "అది నూరు వాట్ల బల్బు నాయనా. వాట్లను ఓల్టులతో భాగిస్తే ఆంపియర్లు. అర ఆంపియరు గూడా రాదు. ఫ్యూజు తెగాలంటే పదహైదుకు పైన పారాల. అర ఆంపియరు పోయే దోవలో పదహైదు పోతాదని ఎట్లనుకున్నాం మనం?"

మనం అంది. అనుకున్నది తానొక్కడే అని కుప్పుస్వామికి తెలుసు.

ఆ లెక్క తేల్చుకోవడానికి ఆయన వెంటనే పోలేదు. రోజులు గడిపాడు. షాపు తెరిచి, తీగ చుట్ట ఒళ్ళో పెట్టుకొని, చుట్టకుండా కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని షెడ్లలో ఆ బల్బు తగిలించి 'బంగారం మాదిరి ఉండాది' అని చెప్పి వచ్చాడో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు, అన్ని ఉన్నాయి. పెద్దకర్మ అయిన మూడో రోజున, ఆదివారం, లోహితను తీసుకొని మిట్టపల్లె పోయాడు. మునిప్రసాద్ అప్పటికే కొత్త పెట్టె పెట్టించాడు. ఎర్తు చూసి పోదామని వచ్చామన్నారు.

లోహిత ఇంటి నుంచి నీళ్ళు కాచే హీటరు తెచ్చింది. వెయ్యి వాట్లది. బల్బు మాదిరి అర ఆంపియరుతో సరిపెట్టుకోకుండా, గుంత గుండా ఎక్కువ కరెంటు లాగే వస్తువు కావాలని ఆమె ఆలోచన. పెట్టె నుంచి ఎర్తు తీగను విప్పి, హీటరును ప్లాస్టిక్ బక్కెట్ నీళ్ళలో ముంచి, ఒక కొస కరెంటుకు, ఒక కొస గుంత తీగకు కలిపారు. గుంత దగ్గరికి ఎవరూ రావద్దని, బక్కెట్‌ను ఎవరూ ముట్టుకోవద్దని కుప్పుస్వామి నాలుగుసార్లు చెప్పాడు. కరెంటు వేశారు. ఓల్టులు రెండు వందల ఇరవై. తీగ చుట్టూ పట్టే మీటరులో ఒకటీ పాయింటు మూడు ఆంపియర్లు. కరెంటు తీసేశారు.

గట్టు మీద కూర్చొని లోహిత నోటుబుక్కు వెనక అట్ట మీద భాగించింది. రెండు వందల ఇరవైని ఒకటీ పాయింటు మూడుతో భాగిస్తే నూట అరవై తొమ్మిది. అందులో హీటరువి యాభై మూడు తీసేస్తే మిగిలింది గుంత.

నూటపదహారు ఓములు.

పెళ్ళిళ్ళలో చదివించే అంకె. కుప్పుస్వామి దాన్ని చూస్తూ ఉండిపోయాడు. మిగతా లెక్క ఆమె చెప్పకముందే ఆయన మనసులో జరిగిపోయింది. పెట్టెకు తగిలిన కరెంటు ఈ గుంతలో దిగాలంటే, రెండు వందల ఇరవై బై నూటపదహారు, రెండు ఆంపియర్లు కూడా పారవు. రెండుకు ఫ్యూజు వెచ్చబడను కూడా వెచ్చబడదు. పెట్టె అట్లాగే కరెంటు పట్టుకొని కాచుకొని ఉంటుంది, చెయ్యి వేసేవాడి కోసం.

"మరి బల్బు?" అన్నాడు.

లోహిత కింద ఇంకో లెక్క వేసింది. "ఈ గుంత మీద నూరు వాట్ల బల్బు అరవై మాదిరి వెలగతాది నాయనా. పట్టపగలు, ఆ రేకుల కింద, నూరా అరవయ్యా అని ఎవరు కనుక్కుంటారు?"

ఆమె అట్టను మడిచి, కొంచెం దగ్గరికి జరిగింది. "ఎవరికీ సెప్పొద్దులే. అందరూ ఎలుక అనే అనుకుంటా ఉండారు. ఎలుక అబద్ధం గాదు గదా. గుంతలో నీళ్ళు పొయ్యమని మాత్రం సెప్పి పోదాం."

కుప్పుస్వామి జవాబు చెప్పేలోపే ఆదిలక్ష్మమ్మ మిట్ట ఎక్కి వచ్చింది. మనిషి పదిహేను రోజుల్లో సగమైపోయింది. నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది.

"ఏం తేలిందనా?"

"ఏం లేదత్తా, ఎలుక పనే" అంది లోహిత.

"ఎలుక సరేలే మా." ఆమె కుప్పుస్వామి వైపే చూస్తోంది. "నాకొగ మాట సెప్పు అనా. పన్నెండేండ్లు పోసిన నీళ్ళు ఈ ఏడు మానేసినా. నువ్వు ఆ పొద్దు అక్కర్లేదంటివి గానీ, మోకాళ్ళని వంక పెట్టింది నేనే గదా. ఒళ్ళు వొంచి పోసింటే ఏం పోయింది నాకు? కూడు దిగడం లేదనా. ఆ నీళ్ళు దినామూ పోసింటే ఆయన బతికుండునా?"

లేదు అని ఒక్క మాట అంటే చాలు. ఆమెకు కూడు దిగుతుంది. తన బోర్డు అట్లాగే ఉంటుంది. లోహిత ఆయన మోచేతిని పట్టుకొని నొక్కింది. కానీ గుంత లెక్క తేలి కాగితం మీద ఉంది. ముప్పై ఏళ్ళలో ఆయన ఎప్పుడూ వచ్చిన అంకెకు బదులు ఇంకొకటి రాయలేదు. అట్లా రాయడం ఎట్లాగో ఆయనకు నిజంగానే తెలియదు.

"బతికుండును ఆదిలక్ష్మమ్మా."

ఆమె కళ్ళు మూసుకుంది.

"తప్పు నీది గాదు. నువ్వు మాన్లేదు, నేను మాన్పించినా. ఆ బల్బు ఎండిన గుంతలో గూడా వెలగతాది. దానికి అర ఆంపియరు సాలు. ఆ సంగతి నాకు తెలిసుండాల. మోటారుకు మూడు తూర్లు కొలిచి రాసేవాణ్ణి, మన్నును ఒగ తూరి గూడా కొల్సలే. బల్బును నమ్మినా. బావ నన్ను నమ్మినాడు."

ఎక్కడో దూరంగా ఎవరిదో మోటారు ఆడుతోంది. ఆదిలక్ష్మమ్మ కళ్ళు తెరిచింది.

"ఆయన ఫోను చేసినాడే, అబ్బుడు నువ్వు ఏమంటివి?"

"వెలిగితే సాలన్నా."

"అంతేనా?"

"అంతే. పనిలో ఉన్నా. ఫోను భుజానికి ఆనిచ్చుకోని మాట్లాడినా."

"ఎంతసేపు?"

"నిమిషం గూడా లేదు."

ఆమె తల ఊపింది. ఆ నిమిషాన్ని ఎక్కడో భద్రం చేసుకుంటున్నట్టు నిదానంగా ఊపింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని కుప్పుస్వామి కాచుకున్నాడు. ఆమె పైట సర్దుకొని, చెయ్యి ఆనించి లేచింది.

"పొద్దెక్కతా ఉండాది. పాపను పిల్చుకోని మీరు బయల్దేరండి."

మీరు, అంది. అనా అని పిలవలేదు. ఇన్నేళ్ళలో ఆమె నోట ఆయన ఆ మాట వినలేదు. బ్యాంకు ఆఫీసరుతోనో, కరెంటాఫీసు సారుతోనో మాట్లాడినట్టు, ఏ కోపమూ లేకుండా, మర్యాదగా అంది. కుప్పుస్వామి సంచిని అక్కడే వదిలేసి మిట్ట దిగసాగాడు. లోహిత ఎత్తుకుంది.

మునిప్రసాద్‌కు ఆమె చెప్పిందో లేదో తెలియదు. ఊళ్ళో ఎవరూ కుప్పుస్వామిని ఏమీ అనలేదు. ఆయనే అన్నాడు. మరుసటి వారం నుంచి, వచ్చిన ప్రతి రైతుతోనూ, "ఎర్తుకు బల్బు తగిలించొద్దు. నేను సెప్పింది తప్పు. ఆ తప్పుకు చెంగయ్య పోయినాడు" అని చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు పాపం అన్నారు. కొందరు మోటార్లు చిత్తూరుకు తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఆదివారాలు లోహితా ఆయనా హీటరూ బక్కెట్టూ పెట్టుకొని చేల మీద తిరిగారు. ఎనభై, నూట నలభై, అరవై అయిదు. ఒక్కో షెడ్డు తలుపు మీద పసుపు రంగుతో అంకె రాసి, కింద 'నీళ్ళు పొయ్యండి' అని రాసి వచ్చారు. ఉప్పూ బొగ్గూ కొత్తగా పోయించి మళ్ళీ పోయి కొలిచారు. ఒకచోట ఏడు వచ్చినప్పుడు లోహిత చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.

మిట్టపల్లెలో అన్ని షెడ్లకూ పోయారు, ఆ ఒక్కదానికి తప్ప. అక్కడికి వేరేవాళ్ళెవరో వచ్చి కొత్త గుంత తవ్వి పోయారని మునిప్రసాదే చెప్పాడు. వదినమ్మ పిలిపించిందట.

"ఎన్ని ఓములు వొచ్చిందో అడుగుదునా నాయనా?" అని లోహిత ఆ రోజు దారిలో మెల్లగా అడిగింది.

"వొద్దు మా."

టీవీఎస్ ఆ మిట్ట కింద నుంచే పోవాలి. కుప్పుస్వామి తల తిప్పకుండా, రోడ్డు మీదే చూపు పెట్టుకొని నడిపాడు.